ఊగుతోందా, జారుతోందా

ఉద్యోగ జ్ఞాపకాలు రాసేవాళ్ళకి మామూలుగా జుట్టు నెరిసి ఉంటుంది, నెలనెలా పింఛను వస్తూ ఉంటుంది. నాకు ఆ రెండూ లేవు. ముప్ఫై ఇంకా నిండలేదు. చేసింది కాంట్రాక్టు ఉద్యోగం, అదీ వదిలేశాను. ఇప్పుడు నా కుర్చీలో మరో అమ్మాయి కూర్చుంటోందని ఈమధ్య తెలిసింది. ఆమెకీ, ఆమెలా మొదటి ఉద్యోగంలో భయంభయంగా కాలుపెట్టే మిగతా చెల్లెళ్ళకీ పనికొస్తుందేమోనని ఒక రోజు సంగతి రాస్తున్నాను. పేర్లు రాయను. అందరూ ఇంకా ఈ దీవుల్లోనే ఉన్నారు, నేనూ ఇక్కడే ఉండాలి.

మాది జెట్టీ పనులకి రాళ్ళూ కంకరా మోసే ఒక కాంట్రాక్టరు దగ్గర పని. మోసేది బార్జిల మీద. బార్జి అంటే ఇంజను లేని చదునైన ఇనప పడవ. టగ్గు వచ్చి లాగితేనే కదులుతుంది. అంతవరకూ లంగరేసుకుని, పైన ఒక వాచ్‌మన్‌ని పెట్టుకుని, నీళ్ళ మీద ఎదురుచూస్తూ ఉంటుంది. బాంబూఫ్లాట్ వైపు గుట్ట మీద రేకుల గదిలో కూర్చుని, కిటికీలోంచి ఆ బార్జిల మీద కన్నేసి ఉంచడం, గంటకోసారి రేడియోలో వాచ్‌మన్‌లని పలకరించడం, వాళ్ళు చెప్పింది ఇంగ్లీషులో లాగ్‌బుక్కులో ఎక్కించడం నా పని. పొద్దున్నే ప్రోతరాపూర్‌లో బస్సెక్కి, చాతంలో ఫెర్రీ పట్టుకుని వచ్చేదాన్ని.

ఇంట్లో ఫోను మోగితే నీళ్ళు నమిలే మనిషిని నేను. అలాంటిదాన్ని రేడియో ముందు కూర్చోబెట్టారు. మా ఛానెల్‌ని జంగ్లీఘాట్ చేపల పడవల వాళ్ళు కాలక్షేపానికి వింటూ ఉంటారని చేరిన వారంలోనే తెలిసింది. అప్పట్నుంచి మీట నొక్కిన ప్రతిసారీ వందమంది ఉన్న గదిలో లేచి నిలబడినట్టుండేది.

నాకు పని నేర్పింది కెప్టెన్ సాబ్. ఆయన నిజంగా కెప్టెన్ కాదు. సరుకు ఓడల్లో చాలా ఏళ్ళు తిరిగి, డెక్కు మీద మేస్త్రీగా రిటైరై వచ్చిన మనిషి. అందరూ ఆ పేరుతోనే పిలుస్తుంటే వద్దనడం మానేశారట. ఆయన మొదటి రోజు నాకు రేడియో నేర్పలేదు, లాగ్ నేర్పలేదు. కదలికల మాటలు నేర్పారు. స్వింగ్, స్వే, రోల్, స్లిప్, స్లైడ్, గ్లైడ్, డ్రిఫ్ట్, డ్రాగ్. గోడ మీద సుద్దముక్కతో రాసి, ఒక్కొక్కటీ చేత్తో చేసి చూపించారు. తాళంచెవుల గుత్తిని దారానికి కట్టి ఊపితే స్వింగ్. అరచేతిని అడ్డంగా అటూ ఇటూ దొర్లిస్తే రోల్. స్లైడ్ దగ్గరికొచ్చేసరికి టీ తెప్పించారు. తడి బల్ల మీద వేడి గ్లాసు పెట్టగానే అది ఎవరూ తోయకుండానే బెత్తెడు దూరం తనంతట తనే జరిగింది. "ఆవాజ్ సునాయీ దియా, బేటీ?" అని అడిగారు. చప్పుడేమీ వినిపించలేదన్నాను. పడవకి కీడు చేసే కదలికల్లో చాలావాటికి చప్పుడుండదని, మెత్తగా పోయేదాన్ని చూసే ఎక్కువ భయపడాలని చెప్పి, ఆ టీ తాగేశారు.

ఆ మాటలు నాకు నచ్చాయి. నేను చదివేది, డైరీ రాసుకునేది తెలుగులో. ఇక్కడ పుట్టినవాళ్ళలో నా వయసువాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ చదవరు. నాకు అమ్మ పట్టుబట్టి నేర్పింది. సాయంత్రం ఇంటికెళ్ళి కెప్టెన్ సాబ్ మాటల్ని వరసగా రాసుకుని, పక్కన తెలుగు రాయాలని కూర్చునేదాన్ని. కొన్ని చోట్ల మనమే గొప్పవాళ్ళం. ఉయ్యాల ఊగుతుంది, నిద్రొస్తే తూగుతాం, తాగినవాడు తూలతాడు, మనసు ఊగిసలాడుతుంది. ఇంకొన్ని చోట్ల మన దగ్గర మాట తక్కువ. అరటితొక్క మీద కాలు పడ్డా, చీర కుచ్చిళ్ళు వదులైనా, పిల్లలు జారుడుబల్ల మీద ఆడుకున్నా మనకి అంతా జారడమే. ఇంగ్లీషువాడు దేనికి దానికి వేరే మాట పెట్టుకున్నాడు. గ్లైడ్ దగ్గర చాలా రోజులు ఆగిపోయాను. మా ముందున్న బే నీళ్ళ మీద గద్ద రెక్క ఆడించకుండా గాలిని ఆనుకుని పోతుందే, అది. తేలడం అంటే చాలదు, తేలేదానికి ఎక్కడికీ వెళ్ళాలని ఉండదు. గద్దకి వెళ్ళాలని ఉంటుంది. డ్రిఫ్ట్‌కి కొట్టుకుపోవడం అని రాశాను. రాశాక ఆ పేజీ చూస్తేనే భయమేసింది.

పనికి కావలసినవి అందులో రెండే. లంగరేసిన బార్జి గాలిని బట్టి, ఆటుపోట్లని బట్టి లంగరు చుట్టూ అటూ ఇటూ తిరుగుతుంది. అది స్వింగ్, దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. లంగరు అడుగున పట్టు వదిలేసి, బార్జి దాన్ని ఈడ్చుకుంటూ వెళ్ళిపోతే డ్రాగ్. దూరంనుంచి చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి. నెమ్మదిగా, నున్నగా, ఏ తొందరా లేనట్టు. తేడా పట్టుకోవడానికి కెప్టెన్ సాబ్ ఒక ఉపాయం చెప్పారు. కుర్చీలో కదలకుండా కూర్చుని, బార్జి మీద నిలబెట్టిన స్తంభం ఎడమకి ఎంతవరకూ వెళ్తుందో, కుడికి ఎంతవరకూ వెళ్తుందో కిటికీ అద్దం మీద గుర్తు పెట్టుకోవాలి. ఆ రెండు గుర్తుల మధ్య తిరిగినంతసేపూ స్వింగ్, దాటితే అనుమానించాలి. గుర్తులకి నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నవి బొట్టుబిళ్ళలు. ఒక్కో బార్జికి ఒక్కో రంగు.

దాంతో నాకు పేరొచ్చింది, మంచిది కాదు. ఒకసారి స్తంభం బిళ్ళ దాటిందని కంగారుపడి టగ్గుని పిలిచాను. టగ్గు లాగుతున్న పని ఆపుకుని వచ్చింది. తీరా చూస్తే గది ఊడ్చినావిడ నా కుర్చీ జరిపింది. బార్జి ఉన్నచోటే ఉంది. టగ్గు నడిపే సారంగు భయ్యా నవ్వి ఊరుకున్నాడు. రేడియో విన్నవాళ్ళు మాత్రం చాలా రోజులు నన్ను బొట్టుబిళ్ళ దీదీ అన్నారు. మేనేజరుగారు గదిలోకి వచ్చి, ఇంకోసారి ఇలా జరిగితే కాంట్రాక్టు పొడిగించే ముందు ఆలోచించాల్సి వస్తుందని ఇంగ్లీషులో చాలా మర్యాదగా చెప్పి వెళ్ళారు. కెప్టెన్ సాబ్ కుర్చీ కాళ్ళ చుట్టూ నేల మీద పెయింటుతో గుండ్రాలు గీశారు.

ఆ తర్వాత ఎవరో తనిఖీకి వస్తున్నారని, వాచ్‌మన్‌లు రేడియోలో ఇంగ్లీషులో జవాబు చెప్పేలా తయారుచేయమని నాకు అప్పగించారు. వాళ్ళందరూ జంగ్లీఘాట్ జాలరులు. వయసు మీదపడో, దెబ్బ తగిలో వేట మానేసినవాళ్ళు. జెట్టీ షెడ్డులో వాళ్ళ ముందు నిలబడి స్వింగ్ అంటే ఏమిటో నోటితో చెబుతుంటే నా చేతులు వెనక్కే ఉండిపోయాయి. ఒకాయన అందుకున్నాడు. "మేడమ్, మాటల్తో ఊగితే మాకేటి తెల్సుద్ది? ఓపాలి ఊగి సూపించండి." షెడ్డంతా నవ్వింది. నేను ఊగలేదు.

చివరికి వాళ్ళే ఒక దారి వెతుక్కున్నారు. ఒక్క వాక్యం బట్టీపట్టారు. 'స్వింగింగ్ నార్మల్, ఓవర్.' ఎక్కువ రోజులు అదే నిజం కాబట్టి దాంతో గడిచిపోతుందన్నారు. నిజంగానే తనిఖీ గడిచిపోయింది.

రెండో మాట, డ్రాగింగ్, మాత్రం రెండో బార్జి వాచ్‌మన్ దగ్గర కుదరలేదు. నేను ఆయన్ని బాబాయ్ అనేదాన్ని. వలలు లాగుతుండగా మోకాలికి దెబ్బ తగిలి, ఆ కాలు సరిగ్గా వంగదు. మంచి మనిషి, అందరికంటే ముందు పాఠానికి వచ్చేవాడు. డ్రాగింగ్ అనమంటే షెడ్డులో చక్కగా అన్నాడు. బార్జి మీంచి అనాల్సి వస్తుంది కదా అంటే తల అడ్డంగా ఊపాడు. "ఒడ్డు మీద పదిసార్లంతాను పాపా. నీటి మీదున్నప్పుడు ఆ మాట అనకూడదు. మా అయ్య అన్నేదు, నానూ అన్ను." వాళ్ళ ఇంట్లో అదొక ఆచారం. పడవ మీద ఉండగా మునగడం, తెగడం, కొట్టుకుపోవడం లాంటి మాటలు నోట్లోంచి రానివ్వరు. అంటే పిలిచినట్టేనట. మిగతావాళ్ళు ఆయన్ని చూసి నవ్వలేదు. ఒక్కొక్కరూ వేరే దిక్కు చూశారు. వాళ్ళవీ అవే ఇళ్ళు కదా. నేను రెట్టించలేదు, రెట్టించడం నాకు చేతకాదు. ఆ మాట అవసరమే రాదులే అనుకున్నాను.

వచ్చింది. వానాకాలం మొదలయ్యే ముందు, గాలి దిక్కు మార్చుకునే రోజులు. ఆ మధ్యాహ్నం కెప్టెన్ సాబ్ కళ్ళు చూపించుకోవడానికి పట్నం వెళ్ళారు. గదిలో నేనొక్కదాన్నే. టగ్గు బే అవతలివైపు మూడో బార్జిని లాక్కొస్తోంది. రెండో బార్జి నిండా రాళ్ళతో లంగరు మీద ఉంది. దానికి కుడివైపున నీళ్ళలోకి పొడుచుకొచ్చిన రాళ్ళ మొన ఉంది.

ముందు ఆకాశం నల్లబడింది. తర్వాత వాన వచ్చి కిటికీ మూసుకుపోయింది. తెరిపిచ్చాక చూస్తే రెండో బార్జి స్తంభం కుడివైపు ఎర్ర బిళ్ళ మీద ఉంది. గాలి మారింది కాబట్టి బార్జి ఆ చివరికి తిరిగి ఉంటుందనుకున్నాను. కాసేపటికి స్తంభం బిళ్ళకి అవతల ఉంది.

అప్పుడు నేను చేసిన మొదటి పని కుర్చీ కాళ్ళు చూసుకోవడం. నాలుగూ గుండ్రాల్లోనే ఉన్నాయి. రెండో పని, తల సర్దుకుని మళ్ళీ చూడటం. మూడోది, తడికి బిళ్ళ జారిందేమోనని గోటితో తాకి చూడటం. బిళ్ళ గదిలోపలివైపే అంటించి ఉంది, ఎక్కడికీ జారలేదు. నన్ను నేను అనుమానించుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. రేడియో మీట నొక్కి, ఇంగ్లీషులో, బార్జ్ టూ, రిపోర్ట్ అన్నాను.

"స్వింగింగ్ నార్మల్, ఓవర్."

గొంతులో తడబాటు లేదు. రోజూ చెప్పినట్టే చెప్పాడు. ఆ మాట వినగానే ముందు హాయిగా అనిపించింది. మనిషి బార్జి మీదే ఉన్నాడు కదా, నేను గుట్ట మీద అద్దం వెనక కూర్చున్నాను, ఆయనకి తెలియదా? లాగ్‌లో అదే రాశాను కూడా. రాసి తలెత్తేసరికి స్తంభానికీ బిళ్ళకీ మధ్య వేలెడు సందు పెరిగింది. పడవ కోపంగా ఏమీ పోవడం లేదు. బల్ల మీద గ్లాసులా, ఎవరూ తోయనట్టు, మెత్తగా.

టగ్గుని పిలిచాను. సారంగు భయ్యాకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. స్తంభం గుర్తు దాటింది, వాచ్‌మన్ మాత్రం నార్మల్ అంటున్నాడు. ఆయన వెంటనే రాలేదు, రాలేడు కూడా. వెనక మూడో బార్జి ఉంది. దాన్ని వదలాలంటే నడినీటిలో దానికి లంగరేసి రావాలి, ఈ గాలిలో అదొక ప్రమాదం. "మై ఛోడ్ కే ఆవూఁగా దీదీ, లేకిన్ పక్కా బోలో. స్వింగ్ హై యా డ్రాగ్?"

వదిలేసి వస్తాను గానీ ఏదో ఒకటి ఖాయంగా చెప్పమంటున్నాడు. ఆ రెండు మాటలే గోడ మీద కూడా ఉన్నాయి. ఒకటి చెబితే ఆయన పని చూసుకుంటాడు. రెండోది చెబితే, తప్పయితే, మూడో బార్జిని కూడా నేనే గాలికి వదిలినట్టు. పైగా నా ఉద్యోగం. ఆ క్షణంలో ఉద్యోగం గురించి ఆలోచించలేదని రాస్తే బాగుంటుంది గానీ, ఆలోచించాను. కానీ దానికంటే ముందు ఆ వంగని మోకాలు కళ్ళముందు కనిపించింది. రాళ్ళతో నిండిన బార్జి ఆ మొనకి కొట్టుకుంటే నిలవదు. జాలరికి ఈత రాకపోదు. ఆ అలల్లో, ఆ రాళ్ళ మధ్య, ఆ కాలితో ఎంత ఈదగలడు?

అప్పుడు తట్టింది నాకు. బాబాయ్ 'స్వింగింగ్ నార్మల్' అనడం జవాబు కాదు. ఏం జరుగుతున్నా ఆయన నోటినుంచి వచ్చే మాట అదే. రెండో మాట నీటి మీద ఆయన అనడు. గంటగంటకీ మేం అడుగుతున్న ప్రశ్నకి ఒకటే జవాబు వీలవుతుంది, దాన్నే మేం రోజూ రాసుకుంటున్నాం.

లంగరు ఈడ్చుకుపోతుంటే గొలుసుకి తెలుస్తుందని కెప్టెన్ సాబ్ ఎప్పుడో చెప్పారు. పైన పడవ ఎంత మెత్తగా పోయినా, కింద లంగరు నేలని గీరుకుంటూ వస్తుంది, ఆ వణుకు గొలుసులోకి ఎక్కుతుంది. ఇది ఇంగ్లీషులో ఎలా అడగాలో నాకు తెలుసు. ఆయనకి అర్థం కాదు. టగ్గుతో హిందీ చెల్లుతుంది గానీ, తనిఖీ అయ్యాక మా ఛానెల్లో వాచ్‌మన్‌లతో ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడకూడదు. జంగ్లీఘాట్ అంతా వింటూ ఉంటుంది.

మీట నొక్కాను.

"బాబాయ్, నేను. ఆ మాట నువ్వు అనొద్దు. లేచి గొలుసు దగ్గరకెళ్ళు. దాని మీద చెయ్యెయ్యి. చేతికి ఏం తెలుస్తోందో అదొక్కటీ చెప్పు."

ఆయన గొలుసు దాకా వెళ్ళేలోపు స్తంభం ఇంకొంచెం జరిగింది.

"ఒణుకుతంది పాపా," అన్నాడు. తర్వాత, గొంతు తగ్గించి, "ఇందాకట్నుంచీ ఒణుకుతంది. నా సెయ్యే ఒణుకుతందేమో అనుకున్నాను."

నేను టగ్గుకి చెప్పాను. బార్జ్ టూ ఈజ్ డ్రాగింగ్. రెండోసారి అడగకుండా సారంగు భయ్యా వస్తున్నానన్నాడు. ఆ తర్వాత జరిగిందంతా ఎదురుచూడటమే. గొలుసు ఇంకా పొడవుగా వదిలితే లంగరు మళ్ళీ పట్టుకోవచ్చని విని ఉన్నాను. బాబాయ్‌కి అదే చెప్పాను. గొలుసుని పట్టి ఉంచే బ్రేకు చక్రం బిగుసుకుపోయిందన్నాడు. సుత్తితో కొట్టమన్నాను. రేడియో పెట్టేసి వెళ్ళాడు. వాన మళ్ళీ వచ్చి కిటికీ తెల్లబడిపోయింది. అద్దం మీద బొట్టుబిళ్ళలు తప్ప ఏమీ కనబడటం లేదు. నేను బార్జ్ టూ, బార్జ్ టూ అంటూనే ఉన్నాను. సుత్తితో కొట్టమని చెప్పింది నేనే, ఆ కాలితో తడి ఇనుము మీద జారి పడి ఉంటే? స్లిప్, స్లైడ్, డ్రిఫ్ట్. తెలిసిన మాటలన్నీ వరసగా వచ్చి ముందు నిలబడ్డాయి.

ముందు వినిపించింది సారంగు భయ్యా గొంతు. బార్జి కనిపిస్తోందన్నాడు, మనిషి కూడా కనిపిస్తున్నాడన్నాడు, చక్రం దగ్గర కూర్చున్నాడన్నాడు. గొలుసు పోయినంత పోయాక లంగరు ఎక్కడో కొంచెం ఆనిందట. బార్జి నిలబడలేదు గానీ నెమ్మదించింది. ఆ నెమ్మదింపులో టగ్గు తాడు అందించింది. వాన వెలిసేసరికి మొనకీ బార్జికీ మధ్య, గుట్ట మీంచి చూస్తే, నా బొటనవేలు పట్టేంత నీళ్ళున్నాయి. మూడో బార్జి నడినీటిలో దాని లంగరు మీద అది బుద్ధిగా ఊగుతోంది. ఊగుతోందో లేదో ఆ సాయంత్రమంతా చూస్తూనే ఉన్నాను.

కెప్టెన్ సాబ్ కళ్ళలో మందు వేయించుకుని వచ్చారు. ఏమీ సరిగా కనబడని కళ్ళతో అంతా విన్నారు. మెచ్చుకోలేదు. స్తంభం బిళ్ళ దాటగానే టగ్గుని ఎందుకు పిలవలేదని అడిగారు. నా కళ్ళ మీదే అనుమానం వచ్చిందని చెప్పాను. ఇంకోసారి అనుమానం ఉండగానే పిలవమన్నారు. తప్పయితే నవ్వుతారు, నవ్వనీ అన్నారు.

మేనేజరుగారు ఛానెల్లో తెలుగు ఎందుకు వాడావని సంజాయిషీ అడిగారు. కెప్టెన్ సాబ్ నాతో పాటు లోపలికి వచ్చి, నేను నోరు తెరిచేలోపు ఆయనే మాట్లాడారు. ఎంత విలువైన బార్జి పోయేదో, అందులో ఎవరు పోయేవాడో చెప్పారు. మేనేజరుగారు సరేనన్నారు గానీ, ఇకమీదట మళ్ళీ ఇంగ్లీషే అన్నారు.

బాబాయ్‌ని మర్నాడు జెట్టీ మీద చూశాను. మోకాలికి కట్టు ఉంది. ఎలా ఉందని నేను అడిగేలోపే ఆయనే అన్నాడు. "ఊరంతా ఇన్నారు పాపా. మా ఆడది సేపల కాడ ఇన్నాదంట. గొలుసు ఒణికిందా, నువ్వు ఒణికావా అని రేత్రంతా ఒకటే నవ్వు." తర్వాత నవ్వడం ఆపి, తనకి ఆ పని ఉంటుందో పోతుందో కనుక్కుని చెప్పమన్నాడు. బార్జి కదులుతుంటే నార్మల్ అన్నందుకు తీసేస్తారని ఆయన భయం. కనుక్కోవడానికి మేనేజరుగారి గది తలుపు నేనొక్కదాన్నే తట్టాను. ఆ జవాబు నేర్పింది మేమే, ఆయన సొంతంగా అన్నది కాదు అని చెప్పాను. ఎంత గట్టిగా చెప్పానో నాకు గుర్తులేదు. మేనేజరుగారు మాత్రం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

కాలు నయమయ్యాక బాబాయ్ మళ్ళీ రెండో బార్జి ఎక్కాడు. ఆ రోజు మేనేజరుగారు పనిగట్టుకుని వచ్చి నా వెనక నిలబడ్డారు. సముద్రం అద్దంలా ఉంది, స్తంభం రెండు బిళ్ళల మధ్య ఉంది. గంట కాగానే బార్జ్ టూని పిలిచాను.

జవాబు రాలేదు. మళ్ళీ పిలవబోయి ఆగాను. మేనేజరుగారు గడియారం చూసుకున్నారు.

"ఉన్నాను పాపా," అని వినిపించింది, ఆయాసంతో. "గొలుసు కాడికెల్లి వొచ్చినాను. సెయ్యేసి సూసినాను. ఏటీ నేదు."

ఏమన్నాడని మేనేజరుగారు అడిగారు. చెప్పాను. ఇంగ్లీషులో చెప్పడం మర్చిపోయాడా అన్నారు. లేదు సర్, అది తర్వాత చెబుతాడు అన్నాను. లాగ్‌లో స్వింగింగ్ అని రాసి, బార్జ్ త్రీని పిలిచాను. అక్కడ కూడా మనిషి గొలుసు దగ్గరికి వెళ్ళినట్టున్నాడు, వెంటనే జవాబు రాలేదు.